మెరుపు లేని ఫోటో

ఇంగ్లండు ప్రభుత్వం నన్ను ఏరికోరి పిలిపించుకుందని చాలామందికి చెప్పాను. గూడూరు మైకా కంపెనీలో నా పనితనం చూసి ఒక దొర ముచ్చటపడ్డాడనీ, నువ్వు రాకపోతే మా కార్ఖానా మూసుకోవాల్సిందేనని నా చెయ్యి పట్టుకున్నాడనీ, ఆలోచించి చెబుతానని నేను కాస్త బెట్టు చేశాననీ చెప్పాను. నమ్మేవాళ్లు ఎదురుగా కూర్చుంటే కథ ఇంకో రెండంగుళాలు పెరిగేది.

దొర రావడం నిజం. చెయ్యి పట్టుకోవడం అబద్ధం. ఆయన నా వైపు చూసింది ఒక్కసారే, అదీ నేను వెలుతురుకు అడ్డంగా నిలబడినందుకు. పక్కకు జరగమని చేత్తో సైగ చేసి మళ్లీ తల వంచాడు. ఆయన చూస్తున్నది నా భార్య పనిని. పిలిచింది ఆమెను. నేను తోకనై వెళ్లాను.

యాభైల చివర్లో నేను ఆ కంపెనీలో గుమస్తాగా చేరాను. కాటా పక్కన కుర్చీ, నెత్తి మీద ఫ్యాను. ఫ్యాను తిరిగేది కాదనుకోండి, కానీ ఉండేది. నా భార్య అదే షెడ్డులో నేల మీద గోనెసంచి పరుచుకుని మైకా పొరలు తీసేది. గనిలోంచి వచ్చిన మైకా దిమ్మ అచ్చం తడిసి ఆరిన పుస్తకంలా అట్టకట్టుకుని ఉంటుంది. సన్నని కత్తి మొనను అంచులో దూర్చి, చిట్లకుండా, గీత పడకుండా పొరకు పొర విడదీయాలి. మా నెల్లూరు సీమ మైకా లేతపచ్చగా ఉంటుంది. ఆమె తీసిన పొరను ఎండకు పట్టుకుంటే లేత కొబ్బరి నీళ్లలోంచి ఆకాశాన్ని చూసినట్టుండేది.

ఆ పనిచేసే ఆడవాళ్లందరూ మెరిసేవాళ్లు. కనుబొమల మీద, చెవితమ్మెల మీద, పాపిట్లో, సద్దిగిన్నె మూత మీద, అంతటా మైకా రజను. సాయంత్రం పని దిగి వాళ్లు ఇళ్లకు పోతుంటే పెద్దరోడ్డు మీద లారీలు ఆగిపోయేవని నేను చెబుతుంటాను. ఆగింది ఒక్క లారీ. దాని టైరు పేలింది. కానీ మెరుపు మాత్రం నిజం. రోజూ చూసే మాకు అది కనిపించేదే కాదు.

దొర ఇంగ్లండులో రేడియోలకూ ఇస్త్రీపెట్టెలకూ మైకా బిళ్లలు చేసే కార్ఖానా మనిషి. సరుకు కొనడానికి వచ్చాడు. షెడ్డంతా తిరిగి, నా భార్య దగ్గర ఆగి, ప్యాంటు మడతలు నలుగుతాయని కూడా చూసుకోకుండా గోనె మీద కూలబడి చాలాసేపు ఆమె చేతుల్ని చూశాడు. తర్వాత మా యజమానితో ఏదో అన్నాడు. యజమాని తెలుగు చేసి చెప్పాడు.

"వాళ్ల ఊరికి వస్తావా అంటుండాడు మే. పొయ్యి రావడం కాదు. ఆడనే ఉండి పనిచెయ్యాలంట, ఎప్పటికీ. కాయితాలన్నీ వాళ్ల కంపెనీనే పెట్టుకుంటాదంట."

నా భార్య కత్తి కింద పెట్టింది. జీతం అడుగుతుందనుకున్నాను.

"ఆడ కూసునేదానికి కుర్చీ ఇస్తారా?" అంది.

షెడ్డంతా గొల్లుమంది. నేల మీద కూర్చుని కూర్చుని ఆమె నడుం ఎంత నొప్పి పెట్టేదో నాకు తెలుసు గనక నేను నవ్వలేదు. ఇదీ అబద్ధమే, నేనూ నవ్వాను. నవ్వనిది దొర ఒక్కడే. కుర్చీ ఇస్తాం, బల్ల కూడా ఇస్తాం అన్నాడు.

షెడ్డులో అందరికంటే వయసున్న మనిషిని పెద్దక్క అనేవాళ్లం. ఆమె అందుకుంది. "కుర్చీ నీకిస్తే మీ ఆయన యాడ కూసుంటాడు మే?"

"ఈయన కూసునే పని ఈడ శానా చేసినాడు లేక్కా. ఆడ కాసేపు నిలబడతాడు."

ఆ తర్వాత నెలలు గడిచాయి. అక్కడి కంపెనీ తన ప్రభుత్వాన్ని అడగాలి. ఈ పని తెలిసినవాళ్లు మాకు ఇక్కడ దొరకడం లేదు, ఫలానా ఆమెకు వచ్చి స్థిరపడి పనిచేసుకునే అనుమతి ఇవ్వండి అని. అడిగారు, ఇచ్చారు. ఓచరు అనే చీటీ ఒకటి తపాలాలో వచ్చింది. దాంట్లో ఆమె పేరుంది. ఆమె భర్తగా నేనూ వెంట రావచ్చునట. ఆ చీటీకి ఆయుష్షు ఆరు నెలలే. ఆ లోపు ఆమె ఆ గడ్డ మీద కాలు పెట్టకపోతే అది చిత్తుకాగితం. దొర మళ్లీ మొదటి నుంచీ అడగాలి. మళ్లీ అడుగుతాడో లేదో, అడిగినా వాళ్లు ఇస్తారో లేదో ఎవరు చెప్పగలరు? మూడేళ్లుగా నడుముకు ఆవనూనె రాయించుకుంటున్న మనిషి ఆ చీటీని దిండు కింద పెట్టుకుని పడుకునేది.

పాస్‌పోర్టు కావాలి. ఆ రోజుల్లో పాస్‌పోర్టు అంటే, వీళ్లు పరాయి దేశంలో దిక్కులేనివాళ్లయితే వెనక్కి తెచ్చే ఖర్చు నేను భరిస్తానని ఆస్తిపరుడొకడు పూచీ రాసివ్వాలి. మా చుట్టాల్లో ఆస్తి అంటే వలలూ గేదెలే. ఎటూ పాలుపోక యజమాని దగ్గరికే వెళ్లాను. షెడ్డులో అందరికంటే మంచి పనిమనిషిని పోగొట్టుకోవడానికి ఆయన్నే సంతకం పెట్టమని అడగడం! కాగితం చేతిలో నలుపుతూ నిలబడ్డాను. ఆయనే కాగితం లాక్కున్నాడు.

"నీ పెళ్లాం పోతే నాకు నష్టం. నువ్వు పోతే లాభం. రెండూ కలిపి చూస్తే సరికి సరి" అని సంతకం పెట్టాడు.

ఆ మాటకు ఆరోజు నొచ్చుకున్నాను. నా మొహమాటం పోగొట్టడానికే ఆయన అలా అన్నాడని అర్థమయ్యేసరికి ఆయన లేడు.

ఇక ఫోటోలు. గూడూరులో ఉన్న స్టూడియోకు ఇద్దరం వెళ్లాం. ఆమె కొత్త చీర కట్టింది, ముఖం కడుక్కుంది, జడ వేసుకుంది. రెండు దీపాల మధ్య కూర్చుంది. దరఖాస్తు నేనే నింపాను. ఆనవాళ్ల గడిలో ఎడమ మణికట్టు మీద పుట్టుమచ్చ అని గుండ్రని అక్షరాలతో రాశాను. కాగితాలు మద్రాసు వెళ్లాయి. వారాల తరబడి ఉలుకూ పలుకూ లేదు. చివరికి నాది సరిపోయిందని కబురొచ్చింది. ఆమె కాగితాలు మాత్రం తిరిగొచ్చాయి. ఫోటోలో ముఖం మీద కనిపిస్తున్న మచ్చల గురించి దరఖాస్తులో రాయలేదు, అవి మశూచి మచ్చలైతే అలాగే రాయాలి, కాకపోతే సరైన ఫోటో పంపాలి అని.

మచ్చలేమిటి? ఫోటో పట్టుకుని షెడ్డుకు పరిగెత్తాను. అందరి చేతులూ మారింది. ఎవరికీ ఏ మచ్చా కనిపించలేదు.

"బంగారం మాదిరి ఉండాది గదన్నా" అంది ఒకామె.

పెద్దక్క ఫోటోను దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది. నా ఫోటో కూడా తెప్పించి పక్కన పెట్టుకుంది. ఉన్నట్టుండి నెత్తి కొట్టుకుంది.

"మైకా మే, మైకా! దీపాలు పడి మెరిసిపొయ్యింది. సుక్కలు సుక్కలుగా వచ్చింది చూడండి. ఈయన ముఖం చూడు, కడిగిన పళ్లెం మాదిరి ఉండాది."

"ఆయనకెందుకు అంటతాదక్కా? పనిచేసినోళ్లకి గదా మెరుపు" అంది ఇంకొకామె.

నేను స్టూడియో మీదికి పోయాను. ఫోటోగ్రాఫరు తాపీగా చెప్పాడు. "మైకా ఆడోళ్లందరికీ అట్టనే వస్తాది సార్. మామూలుగా అయితే నేను పెన్సిలు పెట్టి దిద్ది ఇస్తా. పాస్‌పోర్టు ఫోటో దిద్దకూడదని మీరే గదా చెప్పింది?"

చెప్పింది నేనే. అప్పటికి చీటీ ఆయుష్షు సగానికి పైగా కరిగిపోయింది. మచ్చలు కాదు, మైకా రజను అని జవాబు రాద్దామన్నాను. యజమాని వద్దన్నాడు. "రజను అని రాస్తే ఊపిరితిత్తుల జబ్బేమోనని రొమ్ము ఫోటో తియ్యమంటారు, ఇంకో రెండు నెలలు. నోరు మూసుకుని ముఖం కడిగించు."

మైకా కడిగితే పోయేదా! శనగపిండి అయింది, శీకాయ అయింది. రాత్రి పోయిందనుకుంటే తెల్లవారి దిండు మీదది చెంపకు అంటేది. ఇంట్లో చాప, దుప్పటి, దండెం మీది చీరలు, అన్నిట్లోనూ అదే. చివరికి పెద్దక్క తీర్పు చెప్పింది. ఆమె షెడ్డులో కాలు పెట్టకూడదు, మా ఇంట్లోనూ ఉండకూడదు. సముద్రం ఒడ్డున ఉన్న పుట్టింటికి వెళ్లిపోవాలి. ఆమె పుట్టిల్లు చేపలు పట్టేవాళ్ల పాళెం. మైకా అనే మాట అక్కడ లేదు.

బయలుదేరే ముందు చెప్పి వెళ్దామని నా భార్య షెడ్డు దగ్గరికి వచ్చింది. ఏళ్ల తరబడి పక్కపక్కన కూర్చుని పనిచేసిన ఆడవాళ్లు ఆమెను చూసి లేచి నాలుగడుగులు వెనక్కి వేశారు.

"రాబాక మే! ఆడనే ఉండు! మాది నీకంటతాది."

రోడ్డుకు ఆ పక్కన ఆమె, ఈ పక్కన వాళ్లు. మాటలన్నీ కేకలు వేసి చెప్పుకున్నారు. బస్సెక్కాక ఆమె ఏడ్చింది.

ఆదివారం నేను పాళెం వెళ్లాను. ఆమె స్నానం చేస్తుంటే అలల మీద మెరుపు చూసి చేపల గుంపు వచ్చిందని జాలర్లు పడవలు దించారని ఈ ఘట్టంలో చెప్పడం నాకు అలవాటు. ఎవరూ ఏమీ దించలేదు. మా అత్త మాత్రం గుడిసె ముందు చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"ఆడనే నిలబడు అల్లుడా! ముందు పొయ్యి సముద్రంలో మునిగి రా."

"నా మీద మైకా లేదత్తా, నేను గుమస్తాని."

"నువ్వు గుమస్తావే. చొక్కా ఏ షెడ్డుది?"

మునిగాను. మునిగి లేచి తడిబట్టలతో వస్తే నా భార్య గడప దగ్గర కూర్చుని వల కంతలు కుడుతూ కనిపించింది. ఉప్పునీళ్లకు చర్మం పొడిబారి, ఎండకు కమిలి ఉంది. ఒక్క చుక్క మెరుపు లేదు. ఎందుకో గాని, జబ్బు చేసి లేచిన మనిషిని చూసినట్టనిపించింది.

మర్నాడు గూడూరు పోకుండా పాళెం నుంచే నెల్లూరు బస్సెక్కాం. గూడూరు స్టూడియోలో కుర్చీకి కూడా మైకా ఉంటుందని పెద్దక్క ముందే చెప్పి పంపింది. నెల్లూరులో తీయించిన ఫోటో శుభ్రంగా వచ్చింది. నా భార్య దాన్ని చూసి, "ఎవురీమె?" అంది. నేను షెడ్డుకు తీసుకెళ్లి చూపిస్తే వాళ్లూ అదే అన్నారు. అది మద్రాసు వెళ్లింది. నా భార్య తిరిగి పాళెం వెళ్లింది. మళ్లీ ఫోటో అడిగితే ఏం చేస్తామని పెద్దక్క ఆమెను గూడూరు రానివ్వలేదు. ఆమె ఒప్పుకున్న సరుకు మిగిలిపోయి ఉంటే ఆడవాళ్లు తలా కాస్త పంచుకుని పూర్తిచేశారు. ఆమె కూలి ఆమె పేరు మీదే పూర్తిగా నా చేతికి వచ్చింది. నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. కాటా దగ్గర కూర్చునేవాణ్ణి గనక తెలిసింది.

చీటీకి ఇంకా కొద్ది రోజులే మిగిలాయనగా పాస్‌పోర్టు వచ్చింది.

గూడూరు స్టేషనుకు షెడ్డు షెడ్డంతా వచ్చింది. పని దిగి వస్తే రైలు దాటిపోతుందని యజమాని మధ్యాహ్నమే వదిలిపెట్టాడు. ఎవరూ ముఖాలు కడుక్కోలేదు. రైలు కూత వినబడేదాకా దూరంగానే నిలబడ్డారు, అలవాటైపోయి. పెద్దక్క ముందుకు వచ్చింది.

"ఫోటో అయిపొయ్యింది గదా. ఇంక మాది అంటితే ఏం?" అని నా భార్యను వాటేసుకుంది.

ఆ వెనక ఒకరి తర్వాత ఒకరు. చెంపకు చెంప, నుదుటికి నుదురు. ఇన్నాళ్లూ దాచుకున్నదంతా ఆ కాసేపట్లో ఆమె మీద పోశారు. రైలు కదిలాక కిటికీ పక్కన కూర్చున్న నా భార్య ముఖం చూసి గబగబా పాస్‌పోర్టు తీశాను. తల నుంచి మెడ దాకా ధగధగ! పాస్‌పోర్టులో ఒక మనిషి, ఎదురుగా ఇంకో మనిషి.

"తుడుచుకోవే" అని మనుబోలు దగ్గర అన్నానని చెప్పబోయాను, రైలు అటు పోదు గదా, మద్రాసు వైపు పోతున్నాం. నాయుడుపేట దాటాక అన్నాను. మద్రాసులో బతిమాలాను. బొంబాయిలో విమానం ఎక్కే ముందు రుమాలు తడిపి ఇచ్చాను.

"వాళ్లు పెట్టింది. ఉండనీ" అంది.

"ఆడ ఆఫీసరు ఫోటోతో సరిచూస్తాడే. వెనక్కి పంపిస్తే?"

"పంపిస్తే యజమాని పూచీ ఉండాది గదా" అని కళ్లు మూసుకుంది.

విమానం దిగాం. వరసలో నిలబడ్డాం. ఆఫీసరు ఆమె ముఖం చూసి కుర్చీలోంచి లేచి నిలబడి, ఇంత మెరిసే మనిషిని మా దేశం ఇంతవరకూ చూడలేదన్నాడని మా మనవలకు చెప్పాను. వాళ్లు ఇంకా నమ్ముతున్నారు. జరిగింది ఇది. ఆయన ఓచరు చూశాడు, కంపెనీ పేరు చూశాడు, ముద్ర కొట్టాడు. తల ఎత్తలేదు. ఫోటో ఉన్న పేజీ తిప్పనైనా తిప్పలేదు. ఆ ఫోటో కోసం ఒక షెడ్డు, ఒక సముద్రం, ఒక అత్త పడిన పాటు ఆయనకేం తెలుసు!

నన్ను మాత్రం తల ఎత్తి చూశాడు. ఫోటో చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. ఇక్కడ నువ్వేం చేస్తావని అడిగాడు. నేను నా భార్య వైపు వేలు చూపించాను. ఆయన నవ్వి పంపించేశాడు.

బయట చలి. ఆమె తన చెంపను వేలితో తడుముకుని, వేలి కొన చూసుకుంది. ఇంకా ఉంది. ఆ వేలిని నా ముక్కు మీద రాసింది.

"ఇప్పుడు నువ్వూ పనిచేసినట్టు కనపడతావుండావు" అంది.