బ్యాటరీ మంటను కళ్ళకద్దుకున్నాను

పోయిన ఏడాది ఆక్లాండ్‌లో మా పేట కోయిర్ బృందం ఒక ఫ్రెంచ్ ఒరటోరియోను ఇంగ్లీషులో వేసింది. అంటే పాటలతో కథ చెప్పే కచేరీ. పాట రాని నాకు, మాటలు మాత్రమే ఉండే జోన్ ఆఫ్ ఆర్క్ వేషం ఇచ్చారు. చివర్లో ఆ వీరవనితను కట్టేసి సజీవదహనం చేస్తారు.

మా అత్తయ్యగారు ముందు వరసలో కూర్చున్నారు. నన్ను స్తంభానికి కట్టేశారు. రిహార్సల్స్‌లో లేని గంటలు ఒక్కసారిగా మోగాయి. తలారి వేషగాడు బ్యాటరీ కాగడాను నా ముఖం ముందు తిప్పాడు. అంతే! వదులు తాడులోంచి చేతులు బయటికి తీసి, గుడిలో హారతిలా ఆ మంటను కళ్ళకద్దుకున్నాను. తాడు కిందపడింది. తలారి నోరు తెరిచాడు. నాకు నిజంగానే కాలిపోతే బాగుండుననిపించింది.

"చేతులు కట్టేసి ఉన్నాయని మర్చిపోయావా?" అని తెర వెనక డైరెక్టరమ్మ మండిపడింది.

ఫ్లాట్ బుష్‌లోని మా ఇంటికి డ్రైవ్ చేస్తుంటే అత్తయ్యగారు అన్నారు: "ఆ ఇంగ్లీషు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదమ్మాయ్. నువ్వు మంటను కళ్ళకద్దుకున్నాక మాత్రం, ఆ పిల్లకి భయం పోయిందని తెలిసింది."

మర్నాడు రెండో ప్రదర్శనలో తాడు గట్టిగా బిగించారు. గంటలు మోగాయి, కాగడా వచ్చింది. ఈసారి తెలిసే, మంట దగ్గరకు నేనే తల వంచాను.