అతుకు మీద సంతకం

మంగళవారం పొద్దుగాల మల్కాజ్‌గిరి నుంచి ఫోన్ వచ్చింది. "అంకుల్, డాడీ పోయారు" అన్నది సారు బిడ్డ. ఎప్పుడు, ఎట్ల అని అడగాలె. "సరే అమ్మా" అని పెట్టేసిన. సరే ఏంది? ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గయితది.

నేను మెట్టుగూడల ఒక చిన్న లాడ్జి చూసుకుంట. పద్నాలుగు గదులు. ఊర్ల ఏడో తరగతి దాకా చదివిన. సారుది గోదావరి దిక్కు. టెలిఫోన్ ఆఫీసుల పని చేసి రిటైరైన్రు. మా లాడ్జిల ఫోన్లు, కెమెరాలు, ఇంటర్నెట్ అన్నీ సారే పెట్టించిన్రు. పెట్టిన్రు అనను. ఎందుకంటే సారు దేనికీ చెయ్యి తాకియ్యరు. రెండు చేతులు ఎనకకు కట్టుకొని నిలబడి, నాతోని చేయిస్తరు.

మీకు రెండు నిమిషాల పని, మీరే పెట్టరాదు అని ఎన్నిసార్లు బతిమిలాడిన్నో. "రేపు నేను రాకపోతే ఎవరిని పిలుస్తారు మేనేజరు గారూ? ఆ నీలం వైరు తియ్యండి" అనేవారు. గెస్టులు కౌంటర్ కాడ నిలబడి చూసేటోళ్లు. చెవులు కాలిపోయేటివి నాకు.

వైరు పెడితే సుత వదలరు. దాని పని ఏందో చెప్పాలె. బయటి లైను లోపలికి తెచ్చేది మోడెం అట. రౌటర్ అంటే నేనేనట, ఏది ఏ గదికి పోవాల్నో చెప్పేటోణ్ని. ఐపీ అడ్రస్ అంటే గది నంబరు. ఫైర్‌వాల్ అంటే గేటు కాడి వాచ్‌మన్, లోపలోళ్లు పిలవంది బయటోళ్లను రానియ్యడు. మా వాచ్‌మన్ కూసున్నకాడనే నిద్రపోతడు సారూ అన్న ఒకసారి. "అందుకే అప్‌డేట్ చెయ్యాలండీ" అన్నరు. నవ్వలేదు. వాచ్‌మన్ నెల రోజులు నాతోని మాట్లాడలే.

గెస్టులకు ఒక వైఫై, ఆఫీసుకు ఇంకొకటి పెట్టాల్సిందే అన్నరు. ఒక్కటి చాలదా అంటే, వచ్చినోళ్లను హాల్లో కూసోబెడతరా, బీరువా ఉన్న గదిలనా అని అడిగిన్రు. ఏది చెప్పినా ఇట్ల ప్రశ్నతోనే చెప్తరు. అదే నాకు మంట. అన్నం కాడ కూసుంటే ల్యాండ్‌లైన్ మోగేది. సారే చేసి, ఎక్స్‌టెన్షన్ అంటే ఏందో చెప్పమనేవారు. ఎంగిలి చేత్తోనే చెప్పేటోణ్ని, ఒకే నంబరు మీద వచ్చిన ఫోన్ ఏ గదికంటే ఆ గదికి ఇచ్చేది అని. "తినండి" అని పెట్టేసేవారు.

అన్నింటికంటే పరేషాన్ చేసింది పాస్‌వర్డ్. నేను కొడుతుంటే సారు గోడ దిక్కు తిరిగి నిలబడతరు. నేను గుర్తుంచుకోలేను, మీకు చెప్పిపెడత అంటే చెవులు మూసుకున్నరు. "తాళంచెవి చేసినవాడి దగ్గర కూడా ఉండకూడదండీ." మరి మర్చిపోతే? దానికీ ఒక పద్ధతి పెట్టిన్రు. కాగితం మీద రాసి, కవర్ల పెట్టి, అతికించి, అతుకు మీద సంతకం చెయ్యాలె. విప్పితే తెలిసిపోవాలె కదా. నా కవరు సారు బీరువాల. సారు ఫోన్‌ది నా ఇనపపెట్టెల. బ్యాకప్ అంటే రెండోది ఇంకో ఇంట్ల ఉండాలనేవారు, ఒకే ఇంట్ల రెండు పెడితే ఒక్కటి పెట్టినట్టేనట. మూడు నెలలకొకసారి పాస్‌వర్డ్ మార్చాలె, కవర్లు మార్చుకోవాలె. ఛాయ్ తాక్కుంట మార్చుకునేటోళ్లం. "నేను లేకపోతే ఇది మా టీచరమ్మ చేతికే ఇవ్వండి, ఇంకెవరికీ కాదు" అని చెప్పిన్రు. టీచరమ్మ అంటే సారు ఇంటామె.

పోయినసారి నేను మార్చలే. సారు తన కొత్త కవరు, నా పాత కవరు రెండూ తెచ్చిన్రు. నాకు విసుగొచ్చింది. పద్నాలుగు గదుల లాడ్జిల దొంగ ఏం చేసుకుంటడు సారూ, ఈ వయసుల నాకీ తక్లీఫ్ ఎందుకు అని పాత కవరే మళ్ల చేతుల పెట్టిన. సారు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి జేబుల పెట్టుకున్నరు. తిట్టినా బాగుండు.

మంగళవారం నేను పోయేసరికి ఇంటి ముందు టెంటు వేసి ఉంది. మధ్యాహ్నం మూడు గంటలకు సమాధి అన్నరు పాస్టర్ గారు. సారు అక్కకు మాత్రం కబురు అందలే. పెద్దామె. రాజమండ్రి దగ్గర బిడ్డ ఇంటికి మారింది, కొత్త నంబరు సారు ఫోన్లనే ఉంది. రోజూ సాయంత్రం సారే ఫోన్ చేసేది. పాత నంబరు పలుకుతలేదు. సారు అల్లుడు ఆ ఫోన్ పట్టుకొని పుట్టినరోజు, పెళ్లిరోజు అన్నీ కొట్టి చూసిండు. అది గంటసేపు ఆగమన్నది. వేలిముద్ర సుత లేదు. "వేలు మార్చుకోలేం కదమ్మా, పాస్‌వర్డ్ అయితే మార్చుకోవచ్చు అనేవారు డాడీ" అని సారు బిడ్డ ఏడ్చింది.

కవరు నా పెట్టెల ఉందని నాకు తెలుసు. అయినా కుర్చీల అట్లనే కూసున్న. టీచరమ్మ లోపల ఆడోళ్ల మధ్యల ఉంది. అంతమందిల పోయి ఏమని చెప్పాలె? అల్లునికి చెబుదామంటే సారు మాట అడ్డం వచ్చింది. ఒక అరగంట అట్లనే పోయింది. నా మీద నాకే కోపం, సారు మీద ఇంకా కోపం. బతికినన్ని రోజులు నలుగురిల నిలబెట్టిన్రు, పోయినంక సుత నిలబెడుతున్నరు అనుకున్న.

ఆటో కట్టుకొని మెట్టుగూడ పోయి కవరు తెచ్చిన. చెప్పులు ఇడిచి తల వంచుకొని లోపలికి పోయిన. అందరు చూసిన్రు. "టీచరమ్మా, సారు మీకే ఇయ్యమన్నరు" అన్న. ఆమె అతుకు మీది సారు సంతకం చూసింది. విప్పి, అంకెలు ఒక్కొక్కటి కొట్టింది. నేను గోడ దిక్కు తిరిగిన. ఎప్పుడు తిరిగిన్నో నాకే తెల్వదు.

ఫోన్ తెరుచుకుంది. అక్కతోని మాట్లాడిన్రు. సమాధి మర్నాటికి మార్చిన్రు. పెద్దామె పొద్దున రైలు దిగి వచ్చింది, తమ్ముని నొసలు మీద చెయ్యి పెట్టుకొని కూసుంది. చాలాసేపు తియ్యలే.

అంతా అయినంక టీచరమ్మ నన్ను పిలిచి బీరువాలకెళ్లి నా కవరు తెచ్చి ఇచ్చింది. "ఆయన దీన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదండీ" అన్నది. అతుకు అట్లనే ఉంది. నా సంతకం కింద పెన్సిల్‌తోని సారు చేతిరాత. "పాతదే. ఈసారి గట్టిగా చెప్పాలి."

చదివే మీరు నవ్వుకోండి, లాడ్జికి వచ్చి ఆ దినమే పాస్‌వర్డ్ మార్చిన. ఎవరు గుర్తు చెయ్యలే. కాగితం మీద రాసిన, అతికించిన, అతుకు మీద సంతకం పెట్టిన. అంగీ జేబుల పెట్టుకొని ఇయ్యాల్టికి మూడు రోజులు. చెమటకు సంతకం సగం చెదిరింది. మళ్ల దాని మీద దిద్దిన. కవరు ఇంకా జేబులనే ఉంది.