ఆ ఏడు ఎవరు పెట్టారు?

2023 జూలై. ఎల్బీనగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డులో కొంత దూరం పోతే వచ్చే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో అప్పటికి ఎనిమిదేళ్లుగా నేను ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని. కంపెనీలకూ విద్యార్థులకూ మధ్య నిలబడే ఉద్యోగం ఇది. చివరి ఏడాదిలో పిల్లలు ఆరు నెలలు ఒక కంపెనీలో ఉండి పని నేర్చుకుంటారు. ఇంటర్న్‌షిప్ అనే ఆ ఏర్పాటు కూడా మా ఆఫీసు ద్వారానే జరుగుతుంది.

అది ఎలా జరుగుతుందో బయటివాళ్ళకు తెలియదు కాబట్టి చెబుతాను. పిల్లలు కావాలనుకున్న కంపెనీ ముందుగా మా ఫారం నింపుతుంది. ఏ పని, ఎంతమంది, ఏ బ్రాంచి, కట్‌ఆఫ్ ఎంత. కట్‌ఆఫ్ అంటే కనీసం ఉండాల్సిన సీజీపీఏ, అంటే అన్ని సెమిస్టర్ల మార్కులూ కలిపి పదికి వేసిన సగటు. ఆ అంకె చేతికి రాగానే కంప్యూటర్లో విద్యార్థుల పట్టిక తెరిచి ఫిల్టర్ పెడతాను. అంకెకు కిందున్న పేర్లు తెర మీద నుంచి మాయమైపోతాయి. మిగిలిన పేర్లు కంపెనీకి వెళ్తాయి.

‘ఈ ఒక్కరినీ కూడా చూడండి’ అని ఏ కంపెనీనీ నేను అడిగి ఎరుగను. మా తాతగారి కాలంలో ఒక సిఫారసు ఉత్తరం కోసం పొద్దున్నే జనం వచ్చి మా అరుగు మీద కూర్చునేవారు. రాసి ఇవ్వడమే గానీ రాయమని అడగడం మా ఇంట్లో లేదు. తాతగారి భూములూ, ఆయన మాటకున్న విలువా మా నాన్నగారి హయాంలోనే పోయాయి. సైదాబాద్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటున్నా ఈ ఒక్క అలవాటు మాత్రం నేను పోనివ్వలేదు. అడగని మనిషికి వద్దనిపించుకునే అవసరం రాదు.

ఆ జూలైలో కొత్తపేట నుంచి ఒక చిన్న కంపెనీ ఫారం వచ్చింది. మందుల ఫ్యాక్టరీల్లో సీసా మీద లేబుల్ వంకరగా అంటిందా, అక్షరం చెరిగిందా అని కెమెరాతో కనిపెట్టే సాఫ్ట్‌వేర్ రాస్తారు వాళ్ళు. ఇద్దరు ఇంటర్న్‌లు కావాలన్నారు. కట్‌ఆఫ్ ఏడు. పదకొండు పేర్లు తేలాయి. జాబితా నోటీసు బోర్డు మీద పెట్టిన గంటకల్లా కంప్యూటర్ సైన్స్ చివరి ఏడాది అమ్మాయి మౌనిక వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

“సార్, నా పేరు లేదు.”

“సీజీపీఏ ఎంత?”

“ఆరు పాయింట్ నాలుగు.”

“వాళ్ళు ఏడు అడిగారు. ఏడు కన్నా ఆరున్నర తక్కువని నేను చెప్పాలా?”

“ఆరున్నర గూడ కాదు సార్. ఆరు పాయింట్ నాలుగే.”

నాకు నవ్వు రాలేదు. పట్టిక తెరిచి చూశాను. రెండో ఏడాది మాథ్స్‌లో రెండు బ్యాక్‌లాగులు ఉన్నాయి. తప్పి మళ్ళీ రాయాల్సి వచ్చే పేపర్లను అలా అంటాం. తర్వాత రెండూ పాసైంది గానీ సగటు అక్కడే కుంగిపోయింది.

“సెకండియర్‌లో ఏమైంది?” అని అడిగాను. ఈ ప్రశ్నకు జవాబుగా నా బల్ల ముందు చాలామంది తాతలు చనిపోయారు. కొందరు రెండేసి సార్లు.

“ఏం కాలే సార్. చదవలే. అబద్ధమెందుకు?”

“మరి ఈ కంపెనీయే ఎందుకు? ఆరు కట్‌ఆఫ్‌తో వచ్చేవి వస్తాయి.”

“అవి ఫోన్లు ఎత్తే పనులు సార్. గిది ఫోటోలు చూసి తప్పు పట్టే పని. నేను చేసింది గదే.” చేతిలోని కాగితం నా బల్ల మీద పెట్టింది. “జర వాళ్ళకు పంపుండ్రి సార్. వాళ్ళు చూసి వద్దంటే నేను మళ్ళ అడగ.”

“ఏడు అని వాళ్ళే రాశాక ఇది పంపితే అర్థం ఏమిటి? వాళ్ళ మాటను మనం లెక్కచేయనట్టు. వాళ్ళు ముందే వద్దన్నారు.”

“నన్నెప్పుడు జూసిన్రు సార్ వాళ్ళు?” గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు. “వాళ్ళు వద్దన్నరా, మీరు వద్దన్నరా?”

నాకు కోపం వచ్చింది. వెళ్ళమన్నాను. కంపెనీలను విద్యార్థులు నేరుగా కలవకూడదన్న నియమం కూడా గుర్తు చేశాను. ఆ అమ్మాయి నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. కాగితం తీసుకెళ్ళలేదు.

సాయంత్రం ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి ఆ కాగితం తీశాను. పైన పేరు, దాని కిందే సీజీపీఏ 6.4 అని. ఎక్కువమంది తక్కువ మార్కుల్ని చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో దాస్తారు, లేదా రాయడమే మరిచిపోయినట్టు నటిస్తారు. ఈ అమ్మాయి దాచలేదు. ఆ తర్వాత ఉన్నది ఒకే ఒక్క పని గురించి. మౌనిక మేనమామ పోచంపల్లిలో చీరలు నేస్తాడు. ఆ చీరల్లో డిజైన్ మొదట గ్రాఫ్ కాగితం మీద పుడుతుంది. ఏ గడి దగ్గర నూలుకు ముడి కట్టాలో లెక్కపెట్టి గుర్తు పెట్టి, ముడి కట్టి, రంగులో ముంచుతారు. ఆ గడులు లెక్కపెట్టీ పెట్టీ మేనమామ కళ్ళు మండుతున్నాయని, గ్రాఫ్‌ను ఫోన్‌తో ఫోటో తీస్తే ప్రతి వరుసలో ముడి ఎక్కడ పడాలో చెప్పే ప్రోగ్రాం రాసింది. మొదటిసారి అది కాగితం మీద పడ్డ పసుపు మరకను కూడా గడిగా లెక్కేసింది. చేయి పొడుగు నూలు పాడైంది. ‘మా మామ వారం రోజులు నాతో మాట్లాడలేదు. మరకకూ గడికీ తేడా పట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది’ అని రాసుకుంది.

దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్‌లో జనం తోసుకుని ఎక్కారు. ఎక్కడో ఇక్కడే, ఒక చీరల దుకాణంలో వాళ్ళ నాన్న సేల్స్‌మన్‌గా పనిచేస్తున్నాడని పట్టికలో చూశాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ అమ్మాయి అడిగినదానికి జవాబు నాకు తెలియదని ఒప్పుకునేసరికి ముసారాంబాగ్ స్టేషన్ వచ్చింది.

మర్నాడు కొత్తపేట వెళ్ళాను. ముఖ్యమైన మాట ఫోన్లో చెప్పడం మా నాన్నగారికి నచ్చేది కాదు, నాకూ నచ్చదు. రైతు బజార్ వెనక వీధిలో ఒక టిఫిన్ సెంటర్ మీద రెండో అంతస్తు. ఎనిమిది కుర్చీలు, గోడ పొడుగునా ఖాళీ మందు సీసాలు. కంపెనీ పెట్టిన ఉమ గారు నలభై ఏళ్ళ మనిషి, గుంటూరు వైపు వారు.

“కూర్చోండి రావు గారూ. పిల్లలు ఎప్పుడొస్తున్నారు?”

“వస్తారు. నేను ఒక సంగతి తెలుసుకుందామని వచ్చాను. మీరు కట్‌ఆఫ్ ఏడు అన్నారు. దానికి కారణం ఏమిటి?”

ఆవిడ నా ముఖంలోకి వింతగా చూశారు. “నేనెక్కడ అన్నానండీ? మీ ఫారమే కదా అడిగింది. ఆ గడి ఖాళీగా వదిలేస్తే ముందుకు కదలనివ్వలేదు. పక్కన ఎర్ర చుక్క కూడా పెట్టారు. మా తమ్ముణ్ణి అడిగితే అందరూ ఏడే వేస్తారన్నాడు, వేశాను.”

ఆ ఎర్ర చుక్క పెట్టించింది నేనే. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, కంపెనీలు ఆ గడి ఖాళీగా వదిలేస్తుంటే జాబితా చేయడం కష్టంగా ఉందని, నింపి తీరాల్సిన గడిగా మార్పించాను. పని శుభ్రంగా ఉంటుందని గర్వంగా ప్రిన్సిపాల్ గారికి చెప్పుకున్నాను కూడా.

టిఫిన్ సెంటర్ కుర్రాడు టీ పెట్టి వెళ్ళాడు. నేను ముట్టుకోలేదు.

“ఏడు లేని ఒక అమ్మాయి ఉంది,” అన్నాను. “మీరు ఒకసారి చూడాలని...” ఆ వాక్యం ఎలా ముగించాలో నాకు అలవాటు లేదు. కాగితం ఇచ్చాను.

ఆవిడ పసుపు మరక దగ్గరికి వచ్చి నవ్వారు. మళ్ళీ మొదటి నుంచి చదివారు. “ఈ అమ్మాయిని ముందే ఎందుకు పంపలేదండీ?”

“మీరు ఏడు అన్నారని.”

“ఒక్క ఫోన్ చేసి అడిగితే చెప్పేదాన్నిగా. సరే, పంపించండి. కానీ పరీక్ష అందరితో పాటే.”

“పరీక్షలో మినహాయింపు అడగడానికి నేను రాలేదు,” అన్నాను కాస్త గట్టిగానే.

“అడగడానికే వచ్చారు లెండి. బాగానే అడిగారు. టీ చల్లారిపోతోంది, తాగండి.”

ఆ శుక్రవారం మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పన్నెండు మంది పరీక్ష రాశారు. మౌనికకు తొమ్మిదో స్థానం. మాథ్స్ ప్రశ్నలు దాదాపు అన్నీ తప్పాయి. నా మనసు కుంగింది. నేను అడిగిన మొదటి మనిషి తొమ్మిదో స్థానంలో నిలబడటం నాకు తలవంపులుగా కూడా అనిపించింది. దాన్ని దాచడం ఎందుకు?

మధ్యాహ్నం రెండో పరీక్ష. నలభై లేబుళ్ళ ఫోటోలు ఇచ్చారు. వాటిలో కొన్ని మంచి లేబుళ్ళే, కానీ కంపెనీ సాఫ్ట్‌వేర్ వాటిని చెడ్డవంటోంది. ఎందుకో కనిపెట్టాలి. పిల్లలందరూ కంప్యూటర్ల మీదికి వంగిపోయారు. మౌనిక కాసేపు ఫోటోలు చూసి లేచి నిలబడింది.

“మేడం, ఫోటోల తెలుస్తలేదు. అసలు సీసా ఉంటే జర చూపిస్తరా?”

ఎవరో వెనక కిసుక్కున నవ్వారు. ఉమ గారు సంచిలోంచి సీసా తీసి ఇచ్చారు. మౌనిక దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పింది. లేబుల్ అంచున ఎక్కువై బయటికి వచ్చిన జిగురు వెలుతురు పడ్డప్పుడు మెరుస్తోంది. ఆ మెరుపునే సాఫ్ట్‌వేర్ చిరుగు అనుకుంటోంది.

“చిన్గలే మేడం. గమ్ము మెరుస్తున్నది, గంతే. దీపం జర పక్కకు పెట్టి ఫోటో తీస్తే పోతది.”

అది పట్టుకోవడానికి వాళ్ళకే మూడు వారాలు పట్టిందని ఉమ గారు తర్వాత నాతో చెప్పారు. సాయంత్రం ఇద్దరి పేర్లు చదివారు. మొదటిది రాత పరీక్షలో మొదట నిలిచిన అబ్బాయిది. రెండోది మౌనికది. అయితే షరతు పెట్టారు. “నీకు మాథ్స్ నిజంగానే రాదమ్మా. మా పని సగం అదే. రెండు నెలలు చూస్తాను. అప్పటికి మాట్రిసెస్ రాకపోతే పంపించేస్తాను, ఏడవకూడదు.”

“ఏడ్వ మేడం. నేర్చుకుంట.”

నేర్చుకుంది. కర్మన్‌ఘాట్‌లో ఇల్లు, కొత్తపేటలో పని, మధ్యలో సాయంత్రాలు మా మాథ్స్ మేడం ఇంట్లో. ఒకరోజు ఆ మేడం నాతో, “సెకండియర్‌లో ఈ పిల్ల నా క్లాసులో ఎక్కడ కూర్చునేదో నాకు గుర్తే లేదండీ,” అన్నారు. ఆరు నెలలూ పూర్తి చేసిన మౌనిక ఇప్పుడు అదే కంపెనీలో ఉద్యోగి.

కట్‌ఆఫ్‌కు కింద ఉన్న పిల్లలు నా దగ్గరికి వస్తే ఇప్పుడు చెప్పేది ఇది. మార్కు దాచకండి, మొదట అదే రాయండి. దాని కింద మీ చేతులతో చేసిన ఒక్క పని, అందులో జరిగిన తప్పుతో సహా రాయండి. సందు దొరికాక పరీక్ష అందరిలాగే ఉంటుంది, దానికి తయారుగా ఉండండి. అడగడం నా పని. అందరికీ దొరకదు. పోయిన ఏడాది ఒక అబ్బాయి కోసం ఉప్పల్‌లో ఒక కంపెనీకి రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ కుదరదన్నారు. మర్యాదగానే అన్నారు. మెట్లు దిగి వస్తుంటే, భయపడ్డంత అవమానమేమీ కాలేదని గమనించాను.

నన్ను తొలిచే సంగతి వేరే ఉంది. ఆ ఎనిమిదేళ్ళ జాబితాలన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటిలో ఉన్నవి నేను పంపిన పేర్లే. పంపని వాళ్ళు ఎవరో, ఏ కాగితాలు పట్టుకుని నా గుమ్మం దాకా వచ్చారో నేను ఎక్కడా రాసుకోలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఈ ఏటి పుస్తకంలో పంతొమ్మిది పేర్లున్నాయి. ప్రతి పేరు ఎదురుగా నేను వెళ్ళి అడగాల్సిన చోటు ఉంది.