ఆ చీరలో ఉన్నది నేనే

మా మరిది తీసిన సినిమా చూసి కోరుట్ల జనం రెండు వర్గాలయ్యారు. ఒక వర్గం గొప్ప సినిమా అంటుంది, ఇంకొకటి తలకాయ నొప్పి అంటుంది. నేను ఏ వర్గమూ కాదు. నా పగ సినిమా మీద కాదు, తీసినవాడి మీద.

కథ ఇదీ. సిరిసిల్లలో మరమగ్గం నడిపే అమ్మాయి మగ్గాన్ని చేత్తో వెనక్కి తిప్పితే నిన్నటికి వెళ్ళిపోతుంది. అక్కడ నిన్నటి తనూ ఉంటుంది. మళ్ళీ తిప్పితే మొన్నటి మనిషి కూడా వచ్చి చేరుతుంది. చివరికి ఎవరు ఏ రోజు మనిషో తీసినవాడికే తెలియదని నా అనుమానం.

మగ్గాలు మా పుట్టింటివి. షెడ్డు ఉత్తగా, పైసా కిరాయి లేకుండా ఇప్పించింది నేను. హీరోయిన్ అక్క వేషం నీదే వదినా అని నాతో మాటలు బట్టీ పట్టించాడు. తీరా షూటింగ్ నాడు హైదరాబాద్ నుంచి ఒకామెను దింపి, నాకు చాయ్ గ్లాసులు అప్పజెప్పాడు. ఇదేందని అడిగితే, నా మాట బయటి జనానికి అర్థం కాదన్నాడు. మా అన్న ముందరే అన్నాడు. నీ పని చెప్తా బిడ్డా అని ఆ రోజే అనుకున్నాను.

ఖర్చు తగ్గుతుందని వాడు హీరోయిన్‌కు చీర కూడా కొనలేదు. బతుకమ్మకు సర్కారు పంచిన చీరల్లో మా అత్తకు వచ్చినదాన్ని పట్టుకుపోయాడు. అదే రంగు, అదే అంచు చీర నాకూ వచ్చింది. మా గల్లీలో సగం మంది ఆడవాళ్ళకు అదే వచ్చింది. ఇంత తెలివిగలవాడికి ఆ సంగతి తట్టలేదు.

కోరుట్ల బస్టాండు దగ్గర షూటింగ్ జరిగిన రోజు మా అత్తకు ఛాతీలో నొప్పి వచ్చింది. మా ఆయన లారీ మీద నాందేడ్ పోయి ఉన్నాడు. నేనే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాను. మందులు అక్కడ దొరక్క బస్టాండు ముందరి మెడికల్ షాపుకు ఉరికాను. మరిదికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మందులు కొని బయటికి వస్తే రోడ్డు అవతల కెమెరా పక్కన కనిపించాడు. కేకేశాను.

"జర పక్కకు జరుగు వదినా, షాట్ నడుస్తాంది" అన్నాడు. మొహమైనా చూడలేదు.

సంచి పట్టుకుని వెనక్కి తిరిగి ఆసుపత్రికి పరుగెత్తాను. గండం గడిచి ఇంటికొచ్చాక మా అత్త నా చేయి పట్టుకుని, వాడికి చెప్పొద్దు, సినిమా ఆగిపోతుంది అంది. నోరు మూసుకున్నాను. చాలా రోజులకు ఇంటికొచ్చిన వాడు అమ్మా చిక్కిపోయినవ్ అన్నాడే తప్ప, ఎందుకని అడగలేదు.

మళ్ళీ తీసే స్తోమత లేక ఆ షాటును అలాగే ఉంచేశాడు. సినిమా అందరి ఫోన్లలోకి వచ్చింది. హీరోయిన్ వెనక అదే చీరలో, మొహం కనిపించకుండా పరుగెత్తే మనిషి మీద కొట్లాట మొదలైంది. అది రేపటి నుంచి వచ్చిన హీరోయినే, సినిమా తాళంచెవి అక్కడే ఉందని మెచ్చుకునేవాళ్ళు. తాళంచెవి లేదు, మట్టిగడ్డ ఉంది అని తిట్టేవాళ్ళు. మా మరిది మొదట బిత్తరపోయాడు. తర్వాత, అవును, కావాలనే పెట్టానని చెప్పుకోసాగాడు.

మొన్న జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాల్లో సినిమా వేసి, అయ్యాక వాడిని స్టేజీ ఎక్కించారు. నేనూ మా అత్తా ముందు వరసలో కూర్చున్నాం. కాలేజీ పిల్ల ఒకతి ఆ వెనక మనిషి సంగతే అడిగింది. ఏండ్ల తరబడి ఆలోచించి పెట్టిన షాట్ అన్నాడు. హాలంతా చప్పట్లు. నాకిక ఆగలేదు. లేచి, అది నేనే అన్నాను. జనం నవ్వారు. వాడు తొణకలేదు. అవును, మా వదినే, నేనే నిలబెట్టిన అన్నాడు. మళ్ళీ చప్పట్లు. వీని పాడుగాను, నా పరుగు కూడా వాడి ఖాతాలోకే పోయింది.

"నువ్వే నిలబెడితివి గదా. మరి నా చేతి సంచిల ఏముండె?" అని అడిగాను.

అందులో హీరోయిన్ పోగొట్టుకున్న రోజులున్నాయన్నాడు. కొందరు ఆహా అన్నారు.

"మీ అమ్మ గుండె మందులుండె. నిన్ను పిలిస్తే పక్కకు జరుగుమన్నవ్."

మా అత్త నా కొంగు లాగింది. నేను కూర్చోలేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

వాడు మైకు అక్కడే పెట్టి కిందికి దిగాడు. తల్లి ముందు కూలబడి, ఏమైందమ్మా, ఎప్పుడైందని అడిగాడు. ఆమె వాడి తల నిమరలేదు. నా వైపు చేయి చూపింది.

"గామెనడుగు కొడుకా. గామెకే ఎరుక."

అప్పటి నుంచి రోజూ నా దగ్గరికి వస్తున్నాడు. డాక్టర్ ఏమన్నాడు వదినా, అమ్మ నన్ను తలుచుకున్నదా, నా కోసం చూసిందా అని బతిమాలుతున్నాడు. చూసింది. ఆ రోజు ఆసుపత్రిలో మందు మత్తుకు కళ్ళు మూతలు పడేదాకా తలుపు వైపే చూసింది. మీకు చెప్పాను గానీ, వాడికి మాత్రం చెప్పను.