వెనక పడవ కోసం

ఈమధ్య బీరువా అడుగున, పాత కరెంటు బిల్లుల కింద, అన్నయ్య చేతిరాతతో "గెడ అందని నీళ్ళు" అని రాసి ఉన్న సీడీ ఒకటి దొరికింది. ఇంట్లో సీడీ పెట్టుకునే యంత్రమే లేకపోవడంతో సెల్‌ఫోన్ల కొట్టుకు తీసుకెళ్ళి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొచ్చాను గానీ, వినడానికి మూడు రోజులు ధైర్యం చాలలేదు.

క్యాసెట్లు పోయి సీడీలు వస్తున్న రోజుల్లో నేను ఏలూరులో ఒక చిన్న రికార్డింగు గదిలో పనిచేసేవాణ్ణి. బడిలో సోషలు చెప్పే అన్నయ్యకు, మ్యాపులు కూడా లేని సముద్రాల మీద దారులు వెతికిన పాతకాలపు నావికులంటే పిచ్చి. వాళ్ళ ప్రయాణాల మీద, మాటన్నది లేకుండా, కీబోర్డుతోనూ కంప్యూటరుతోనూ ఒక ఆల్బమ్ చేస్తానని కూర్చున్నాడు. సముద్రం మాట దేవుడెరుగు, మావాడు అప్పటిదాకా కొల్లేరు దాటి ఎరగడు. అందుకని నీళ్ళ చప్పుడు క్యాసెట్లో పట్టడానికి నన్ను వెంటబెట్టుకుని, కొల్లేట్లో బాబాయి నడిపే పడవెక్కాడు.

బాబాయికి ఒక అలవాటుండేది. పడవ తోసే పొడుగాటి గెడకర్ర నీళ్ళలో వేసిన ప్రతిసారీ, లోతెంతో వెనక పడవవాళ్ళకు తెలిసేలా "మొల్లోతూ", "పీకల్లోతూ" అని కేకేసేవాడు. ఆ రోజు వెనక ఏ పడవా లేదు. ఎవరి కోసమని మేము నవ్వితే, "ఎవరైనా వస్తారేమో, మనకేం తెలుసురా" అన్నాడు.

మాటల్లేని ఆల్బమ్ కదా! నేనేమో మహా పనిమంతుణ్ణి. బాబాయి గొంతు పడ్డచోటల్లా శుభ్రంగా కత్తిరించేశాను. అన్నయ్య ఆ ఖాళీలు అలాగే ఉంచి చుట్టూ సంగీతం కట్టాడు. కేకలున్న ఆ అసలు క్యాసెట్ దండగెందుకని దాని మీదే ఎవరిదో పెళ్ళి సన్నాయి ఎక్కించాను. నాలుగు నెలలు తిరక్కుండానే జ్వరం వచ్చి బాబాయి పోయాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు పిన్ని మా రికార్డింగు గదికి వచ్చింది. "మీ బాబాయి కేక ఒక్కసారి వినిపించు నాన్నా, మళ్ళీ అడగను" అంది. లేదని చెప్పడానికి నోరు రాక సీడీ పెట్టాను. గెడ నీళ్ళలో దిగిన చప్పుడు, ఆ వెంటనే నేను చేసిన ఖాళీ. పిన్ని కళ్ళు మూసుకుని ఆ ఖాళీలో నెమ్మదిగా "మొల్లోతు" అంది. మళ్ళీ గెడ, మళ్ళీ ఖాళీ, "పీకల్లోతు". అలా చివరిదాకా విని, "ఆయనే" అని కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. నేను చేసింది ఆవిడకు ఎప్పటికీ చెప్పుకోలేకపోయాను. ఇప్పుడు ఆవిడా లేదు.

నిన్న సాయంత్రం విన్నాను. బాబాయి గెడ వేసిన నీళ్ళు ఇప్పుడు చాలావరకు చేపల చెరువులై, గట్ల మీద లారీలు తిరుగుతున్నాయి. ఫోనున్న ప్రతివాడి గొంతూ, తుమ్ములూ దగ్గులతో సహా, ఎక్కడో ఒకచోట భద్రంగా ఉంటోంది. నా దగ్గరున్నవి ఖాళీలే. వాటిలో పిన్ని గొంతు స్పష్టంగా వినబడుతోంది గానీ, బాబాయిది ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. ఆ రోజు వెనక పడవ లేదనుకున్నాం. ఉంది. లోతు చెప్పిన గొంతును నా చేత్తోనే చెరిపేసుకుని, ఆ పడవలో నేనే వస్తున్నాను.