ఒక్క షాట్ దొరసాని

2023 ఎండాకాలం. ఫిల్మ్‌నగర్‌లో షేక్‌పేట వైపు దిగే రోడ్డు మీద, కర్రీ పాయింట్ పైన మా వీసా కన్సల్టెన్సీ. ఇక్కడివాళ్లను బయటి దేశాలకు పంపే ఆఫీసులు వీధికి నాలుగున్నాయి. నాది తిరుగు బేరం. మన సినిమాల్లో పనిచేయడానికి వచ్చే విదేశీ నిపుణుల కాగితాలు చూస్తాను.

అలా వచ్చినవాడే మారెక్. పోలండ్ మనిషి, గ్రాఫిక్స్ సూపర్‌వైజర్. అతనిది ఎంప్లాయ్‌మెంట్ వీసా. భార్య హానాకూ, ఆరేళ్ల కూతురికీ ఎంట్రీ వీసా. అంటే అతని వీసా ఉన్నంతకాలం అతనితో కలిసి ఉండొచ్చు, పిల్ల బడికి వెళ్లొచ్చు. హానా మాత్రం ఏ ఉద్యోగమూ చేయకూడదు. గడువు ముగిసేలోపు విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసులో పొడిగించుకోవాలి.

ఆ పొడిగింపు కాగితాలివ్వడానికే హానా వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "ముందు ఇది చూడండి" అంటూ ఫోన్ నా చేతికిచ్చింది.

సినిమావాళ్లు పెట్టిన మేకింగ్ వీడియో అది. బంగళా మెట్ల మీద గౌను, టోపీ, లేసు గొడుగుతో ఒక దొరసాని. సాక్షాత్తూ హానాయే! "మా సూపర్‌వైజర్ గారి సతీమణి ఇప్పుడు మా నటి" అని కింద రాసి మరీ పెట్టారు.

ఉద్యోగం చేయకూడని మనిషిని నటి అని ఊరంతా చాటేశారు!

జరిగిందేమిటంటే, భర్త పనిచేసే చోటు చూద్దామని ఆమె సెట్‌కు వెళ్లింది. దొరసాని వేషం వేయాల్సిన అమ్మాయికి ఆ రోజే వాంతులు. మావాళ్లకు షాటుకు మనిషి తక్కువైతే వాచ్‌మన్‌కైనా మీసం అంటించేస్తారు. ఎదురుగా హానా కనిపిస్తే వదులుతారా?

ప్రొడక్షన్ మేనేజర్ శ్రీశైలం గారికి ఫోన్ చేశాను.

"గింత దానికి గంత ఫికర్ ఏంది మేడం? గొడుగు పట్టుకొని నిలబడ్డది, హీరో గుర్రం మీద రాంగనే గొడుగు జారిడిసింది. డైలాగ్ లేదు, పైసా ఇయ్యలే."

"పైసా ఇవ్వకపోతే పని కాకుండా పోతుందా? మీ ఇంట్లో మీ ఆవిడ చేసేది పని కాదా?"

"వీడియో తీసేపిస్త మేడం" అన్నారాయన.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?"

హానాకు తెలుగు రాకపోయినా నా గొంతు అర్థమైంది. "నన్ను పంపించేస్తారా?" అంది.

"పొడిగించకపోతే వెళ్లాల్సిందే. పాప కూడా."

మారెక్‌కు ఇంకో ఏడాది పనుంది. హానా ఫోన్‌లో ఆ గొడుగుకేసి చూస్తూ మెల్లగా చెప్పింది. "మా ఊళ్లో నేను ఫిజియోథెరపిస్టుని. ఇక్కడికొచ్చాక ఎక్కడికెళ్లినా మారెక్ భార్యని. ఆ ఒక్కరోజే నా పేరు పెట్టి పిలిచి, ఇది చెయ్యి అన్నారు."

నాకు బాధేసింది. బాధ వేరు, ఫైలు వేరు. పొడిగింపు అర్జీలో దాచకుండా ఉన్నదున్నట్టు రాద్దామన్నాను. ఆ షాట్ మాత్రం సినిమాలో ఉండకూడదన్నాను.

డైరెక్టర్ ససేమిరా అన్నాడు. అది హీరో ఎంట్రీ, సెట్ కూడా పీకేశారు, మళ్లీ తీయడం కుదరదు. అప్పుడు మారెక్ అన్నాడు: "షాట్ ఉండనివ్వండి. ఆమెను నేను తీసేస్తాను."

అతని వృత్తే అది. క్లీన్-అప్ అంటారు. ఫైట్‌లో హీరోను గాల్లోకి లేపే తాళ్లు తెరమీద కనపడకుండా చెరపడం. తన కింద పనిచేసే కుర్రాళ్లకు చెప్పాల్సిన పని కాదని, తనే కూర్చుని ఫ్రేము ఫ్రేముగా భార్యను చెరిపాడు. ఆమె ఇక్కడ ఉండాలంటే ఆ తెరమీద ఉండకూడదు మరి.

"మమ్ముల్నే ఇరికిస్తరా మేడం?" అని గొణుగుతూనే శ్రీశైలం గారు, ఆమెను నటించమని అడిగింది తామేనని, షాట్‌లోంచి ఆమెను తీసేశామని సంతకం పెట్టిచ్చారు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో అధికారి అన్నీ చదివి హానాను అడిగారు.

"మళ్లీ ఎవరైనా ఒక్క షాట్ అంటే?"

"ముందు ఈవిడను అడుగుతాను" అని నన్ను చూపించింది. ఆయన నవ్వలేదు. గట్టిగా హెచ్చరించి, భర్త వీసా గడువు దాకా పొడిగించారు.

సినిమా విడుదలయ్యాక హానావాళ్లు నన్నూ తీసుకెళ్లారు. ఆ షాట్ వచ్చింది. హీరో గుర్రం మీద దూసుకొచ్చాడు, హాలంతా ఈలలు. వెనక మెట్లన్నీ ఖాళీ. గుర్రం దాటుకుంటూ పోయే గొడుగును మాత్రం మారెక్ తీయలేకపోయాడో, తీయబుద్ధి కాలేదో, అది ఒక్కటే దొర్లుతూ పోయింది.

"అమ్మ గొడుగు!" అని పిల్ల తెలుగులో అరిచింది. బళ్లో నేర్చినట్టుంది. హానా నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

కొత్తగా వచ్చే కుటుంబాలకు ఇప్పుడు వివరంగానే చెబుతున్నాను. సెట్‌కు వెళ్లండి, టిఫిన్ తినండి, ఎవరైనా గౌను తెచ్చి ఒక్క షాటే అంటే మాత్రం నాకు ఫోన్ చేయండి అని. కానీ ఈ కేసు నాకు నేర్పింది అది కాదు. ఆ రూలు చెప్పే ముందు, భర్త వెనక కూర్చున్న ఆవిడ వైపు తిరిగి, "మీ ఊళ్లో మీరేం చేసేవారు?" అని అడుగుతున్నాను. ఆ జవాబు ఏ కాగితంలోనూ నింపక్కర్లేదు. అయినా అడుగుతున్నాను.