మూడో బటన్

ఉంబర్జే కాకాకి చూపు లేదన్న సంగతి కొత్తగా చేరినవాళ్ళకి వెంటనే తెలిసేది కాదు. నేను బ్యాంకులో చేరిన కొత్తలో మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీస్తుంటే, పక్క బల్ల దగ్గర్నుంచి ఆయన గొంతు వినిపించింది. "తాయీ, ఇవాళ వేరుశెనగ పొడిలో వెల్లుల్లి మర్చిపోయావు. ఇంట్లో ఎవరితో గొడవ?"

నిజంగానే ఆ పొద్దున అత్తగారితో గొడవపడి వచ్చాను. "మీ ముక్కుకి లైసెన్సు ఉందా కాకా?" అన్నాను.

"ప్రభుత్వమే ఇచ్చింది, కళ్ళకి బదులు," అంటూ తన జొన్న భాక్రీలో ముక్క తుంచి నా వైపు చాపాడు.

ఆయన పూర్తి పేరు రేవణసిద్ధ ఉంబర్జే. మాకు కాకా, అంటే బాబాయి; నన్ను తాయీ, అంటే అక్కా, అనేవాడు. బార్శీ దగ్గర పల్లెటూరు. పసితనంలోనే తట్టు పోసి చూపు పోయింది. అంధుల బడిలో చదువుకుని, ముంబై వెళ్ళి టెలిఫోన్ ఆపరేటరు పని నేర్చుకుని, షోలాపూర్‌లో మా సహకార బ్యాంకులో చేరాడు. ఆ రోజుల్లో చూపు లేనివాళ్ళకి దొరికే గౌరవమైన ఉద్యోగం అది. బయటి నుంచి వచ్చే ఏ ఫోనైనా ముందు ఆయన చెవిన పడాల్సిందే. ఎవరి గొంతైనా ఒక్కసారి వింటే చాలు, మళ్ళీ మర్చిపోయేవాడు కాదు. కొన్నాళ్ళకి జనం బ్యాంకుకి ఫోన్ చేస్తామనడం మానేసి, ఉంబర్జేకి ఫోన్ చేస్తామనడం మొదలుపెట్టారు.

తర్వాత అందరి జేబుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాయి. ఒక ఆదివారం ఎవరో వచ్చి ఆయన గదిలోని ఫోన్ల బోర్డు పీకేసి పట్టుకుపోయారు. సోమవారం పొద్దున ఆయన వచ్చి కూర్చుని చేతులు చాపితే బల్ల ఖాళీ. బోర్డు తీసేస్తున్నామని ముందుగా ఒక్క మనిషి చెప్పలేదు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. అంత పెద్ద బ్యాంకులో, అన్ని సర్క్యులర్లు రాసేవాళ్ళలో, ఒక్కడికి నోరు పెగలలేదు.

చట్టం అడ్డొచ్చి ఉద్యోగంలోంచి తియ్యలేదు. లిఫ్టు పక్కన ఒక కుర్చీ వేశారు. పొద్దున వచ్చి దాంట్లో కూర్చోవడం, సాయంత్రం లేచి వెళ్ళడం. అలా ఏళ్ళు గడిచాయి. "పని లేకుండా జీతం, నీ అదృష్టమే అదృష్టం కాకా," అని లోన్ల సెక్షన్లో ఒకడు అంటే, "ఒక్క రోజు కూర్చుని చూడరా అబ్బాయ్. మధ్యాహ్నానికల్లా నా అదృష్టం నువ్వే తీసుకోమని బతిమాలతావు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ రోజు డబ్బా తెరవలేదు.

ఊరికే కూర్చుని కుళ్ళిపోయే రకం కాదు ఆయన. ఆదివారాలు అంధుల బడికి వెళ్ళి కంప్యూటర్ నేర్చుకున్నాడు. తెర మీద ఉన్నది చదివి చెవిలో చెప్పే ప్రోగ్రాం ఉంటుంది. అది మాట్లాడే వేగానికి నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, ఆయన మాత్రం తల ఊపుతూ వినేవాడు. ఇంతలో మా బ్యాంకు కూడా ఫోన్ యాప్ తెచ్చింది. తెచ్చిన నెలలోనే జనం రహస్య కోడ్లు మర్చిపోవడం, యాప్‌కి తాళం పడిపోవడం, కౌంటర్ల దగ్గర మా ప్రాణాలు తియ్యడం మొదలైంది. దాంతో సహాయం కోసం ఫోన్లు ఎత్తే గది ఒకటి తెరిచారు. మేనేజర్ సర్‌దేశ్‌ముఖ్ సాహెబ్‌కి నేనే వెళ్ళి చెప్పాను. "సాహెబ్, ఫోన్లో మాట్లాడటం ఈ భవనంలో తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన లిఫ్టు దగ్గర కూర్చున్నాడు."

అలా కాకాకి మళ్ళీ ఒక బల్ల, చెవులకి ఫోను వచ్చాయి. మొదటిరోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్య సుశీలా కాకూ ఇచ్చిన పాలకోవా పేడాలు అందరికీ పంచాడు. "కొత్త పెళ్ళికొడుకులా ఉన్నారు," అన్నాను. "పెళ్ళికి ఇంత భయపడలేదు తాయీ," అన్నాడు. పాత గొంతులన్నీ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాయి. ఫోన్ ఎత్తింది ఇంకొకరైతే, "ఉంబర్జే గారు ఖాళీ అయ్యేదాకా ఆగుతాం," అనేవాళ్ళు. ఆయన లిఫ్టు ఎక్కుతూ కూనిరాగం తియ్యడం నేను మొదటిసారి విన్నది ఆ రోజుల్లోనే.

అప్పుడు పుణె కంపెనీవాళ్ళు ప్రోగ్రాం మార్చారు. కొత్తది చూడటానికి ముచ్చటగా ఉంది. మాటలన్నీ తీసేసి బొమ్మలు పెట్టారు. ఆకుపచ్చ తాళం నొక్కితే యాప్ తెరుచుకుంటుంది. ఫోను పోయిందని ఎవరైనా చెబితే ఎర్ర తాళం నొక్కాలి, ఖాతా మొత్తం ఆగిపోతుంది. ఆ బొమ్మల వెనక పేరు రాసిపెడితే కాకా కంప్యూటర్ చదివేది. రాయలేదు. ఆయన చెవిలో అది "బటన్, బటన్, బటన్" అంటుంది, అంతే. సర్‌దేశ్‌ముఖ్ సాహెబ్‌కి చెబితే కంపెనీకి రాశానన్నాడు. కంపెనీవాళ్ళు చూస్తామన్నారు.

వాళ్ళు చూసేలోపు ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారని కాకాకి భయం. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "వరసగా ఏముందో చెప్పు తాయీ." చెప్పాను. మొదటిది వెతకడానికి, రెండోది వివరాలకి, మూడోది తెరవడానికి, నాలుగోది ఆపడానికి. సాయంత్రానికి ఆయన వేలికి అది అలవాటైపోయింది. నొక్కగానే టింగుమని శబ్దం వచ్చేది. దేనికైనా అదే టింగు. "యాప్ తెరిచేశాను ఆజీ. సాయంత్రానికి పని చేస్తుంది, నిశ్చింతగా భోంచెయ్యండి," అని అవతలి ముసలమ్మకి చెప్పేవాడు.

ఇలా రెండు నెలలు నడిచింది. ఒక శనివారం రాత్రి కంపెనీవాళ్ళు మళ్ళీ ఏదో సర్దారు. సోమవారం చూస్తే ఎర్ర తాళం మూడో చోటికి, ఆకుపచ్చ తాళం నాలుగో చోటికి మారాయి. కళ్ళున్నవాళ్ళకి అదొక మార్పే కాదు. రంగు చూసి చెయ్యి కాస్త పక్కకి జరిపారు, జరిపామని కూడా గుర్తులేదు వాళ్ళకి. మార్చామని తెర పైన పసుపుపట్టీ ఒకటి వచ్చి పోయిందట. అదీ బొమ్మే. కాకా చెవిలో మామూలుగానే "బటన్, బటన్, బటన్" అంది.

అది నెల మొదట్లో సోమవారం, పింఛన్లు పడే రోజులు. ఆ రోజంతా కాకాకి క్షణం తీరిక లేదు. వచ్చిన ప్రతి ఫోనుకీ నవ్వుతూ మాట్లాడాడు. మూడో బటన్ నొక్కాడు. తెరిచేశాను, నిశ్చింతగా ఉండండి అన్నాడు.

మంగళవారం తలుపులు తీసేసరికి మెట్ల మీద జనం నిలబడి ఉన్నారు. కేకలు, తిట్లు. కాకా తెరిచానన్న ఖాతాలన్నీ ఆగిపోయి ఉన్నాయి. కారణం బయటపడటానికి ఎక్కువసేపు పట్టలేదు. సాహెబ్ ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఉంబర్జే, మూడోది ఎర్రది," అన్నాడు. కాకాకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవి ఫోన్లు తీసి, రెండు చేతులూ బల్ల కింద దాచుకున్నాడు.

ఖాతాలు మధ్యాహ్నానికల్లా మళ్ళీ తెరిచాం. తిట్టినవాళ్ళు తిట్టి వెళ్ళిపోయారు. తిట్టకుండా వచ్చింది నర్సవ్వ ఒక్కతే. బీడీలు చుట్టే ముసలమ్మ, మా తెలుగువాళ్ళ నేతపేట మనిషే. మనవరాలికి నర్సింగు కాలేజీలో సీటొచ్చింది. ఫీజు యాప్‌లో కట్టాలి, సోమవారం సాయంత్రంతో గడువు ముగిసింది. సీటు ఇంకెవరికో వెళ్ళిపోయింది. ఆమె వచ్చి కాకా ఎదురుగా కుర్చీలో కూర్చుంది.

"పిల్ల అన్నది, అవ్వా, యాప్ తెరుసుకుంటలేదు, పక్కింటోళ్ళ ఫోన్లకెళ్ళి కడదామని," అంది నర్సవ్వ. "నేనే వద్దన్న. ఉంబర్జే సాబు తెరిసిన అన్నడంటే తెరిసినట్టే, జెర ఆగు అన్న. చీకటి పడేదాకా ఆగినం సాబూ."

కాకా బల్ల మీద తడుముతూ చెయ్యి ఆమె వైపు చాపాడు. నర్సవ్వ కాసేపు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయింది. నేను కాలేజీకి ఫోన్ చేశాను, సాహెబ్ చేత చేయించాను. గడువు కంప్యూటర్‌లో ఉంటుంది, మా చేతుల్లో ఏమీ లేదన్నారు.

విచారణ జరిగింది. చూసి వాడే మనిషి కోసం చేసిన ప్రోగ్రాంని విని వాడటం నిబంధనలకి విరుద్ధమని కంపెనీ రాసింది. బ్యాంకువాళ్ళు దాని కింద సంతకం పెట్టారు. కాకా మళ్ళీ లిఫ్టు పక్కకి వచ్చాడు. ఈసారి ఎవరి డబ్బాలో ఏం తగ్గిందో చెప్పడం కూడా మానేశాడు.

ఏడాది తిరిగాక పైనుంచి ఏవో ఆదేశాలొచ్చి కంపెనీవాళ్ళు బొమ్మలన్నిటికీ పేర్లు పెట్టారు. సాహెబ్ స్వయంగా లిఫ్టు దగ్గరికి వచ్చాడు. "ఉంబర్జే, ఇక ప్రతి బటనూ దాని పేరు చెబుతుంది. రండి, మీ సీటు మీదే." నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెధవలు, ఇప్పటికైనా చేశారు అనుకున్నాను. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టాను.

మొదటి ఫోను దగ్గర్లోని మోహోళ్ ఊరి నుంచి. కోడ్ మర్చిపోయిన ముసలాయన. కంప్యూటర్ స్పష్టంగా, నాకు కూడా అర్థమయ్యేలా, "తాళం తెరువు" అంది. కాకా వేలు మీట మీదే ఆగిపోయింది.

"తాయీ, అక్కడ ఏముంది?"

"తాళం తెరువు అనే ఉంది కాకా."

నొక్కాడు. టింగుమంది. "తెరిచిందా, మూసిందా? చూసి చెప్పు."

"తెరిచింది."

రెండో ఫోనుకీ అంతే, తర్వాతి వాటికీ అంతే. నేను నా కౌంటరుకి వెళ్ళొచ్చేసరికి అవతలి మనిషిని ఆగమని చెప్పి, చేతులు ఒళ్ళో పెట్టుకుని నా కోసం కూర్చుని ఉన్నాడు.

"కాకా, అది పేరు చెబుతోంది కదా," అన్నాను. విసుక్కోలేదు, విసుగులా వినిపించి ఉండొచ్చు.

"చెబుతోంది తాయీ. నిజమే చెబుతోందని నువ్వు తెర చూసి నమ్ముతావు. నేను నిన్ను చూడమని అడిగి నమ్మాలి. ఎలాగూ నువ్వే చూస్తే ఇక నేనెందుకు ఇక్కడ?"

ఆయన చెవి ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి లేచాడు. అందులోంచి సన్నగా ఎవరిదో ఆడగొంతు, "హలో, ఉంబర్జే గారేనా? ఉంబర్జే గారేనా అండీ?" అని అడుగుతోంది. నాకే వినిపిస్తుంటే ఆయనకి వినిపించకుండా ఉంటుందా. తలుపు దాకా తడుముకుంటూ వెళ్ళి ఆగాడు.

"లేడని చెప్పు తాయీ," అన్నాడు.

ఫోను చెవికి పెట్టుకుని, ఉంబర్జే గారు లేరని చెప్పాను.